పేర్లు పెట్టని పెంపకం

వానలు మొదలయ్యాక జంషెడ్‌పూర్‌లో దోమలకు పట్టపగ్గాలుండవు. ఊరికి ఒక పక్క సువర్ణరేఖ, ఇంకో పక్క ఖర్కాయి. దీపాలు పెట్టే వేళకి కద్మా వీధుల్లో ఏ కిటికీ దగ్గర నిలబడ్డా కాయిల్ పొగో, గోడకి గుచ్చిన సీసా మందు వాసనో తగులుతుంది. ఆ వరసలో ఒక ఇల్లు మాత్రం కిటికీలకు జాలీలు బిగించి, మంచాలకు పాతకాలపు దోమతెరలు కట్టుకుని కాలక్షేపం చేస్తుంది. ఆ ఇంట్లో ఉబ్బసం మనుషులు లేరు. పసిపిల్లలూ లేరు. ఉన్నవి రొయ్యలు.

ముందు గదిలో, ఒకప్పుడు టీవీ ఉన్న బల్ల మీద, రెండడుగుల గాజు తొట్టె. నిండా పచ్చటి నాచు. ఆ నాచులో దానిమ్మ గింజలు చల్లినట్టు చిన్న చిన్న ఎర్ర రొయ్యలు. గోరంత పొడవు, మహా అయితే అంగుళం. రోజంతా చేసే పని ఒక్కటే. ముందు కాళ్లతో ఆకునీ, రాయినీ, నాచునీ తడుముకుంటూ, కంటికి కనపడని మేతేదో ఏరుకుని నోట్లో వేసుకుంటూ ఉంటాయి. చెయ్యి ఆగదు, నోరు ఆగదు.

దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు పురుగుల్ని చంపడానికి చేసినవి. రొయ్య కూడా కాళ్లకు కీళ్లుండి, ఒంటికి పెంకున్న జీవే. పురుగుకి తగిలే దెబ్బ దానికీ తగులుతుంది. పైగా తొట్టెలోకి గాలి పంపే బుల్లి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. మనకి తుమ్ము కూడా తెప్పించని మోతాదు రొయ్యల ప్రాణం తీసేస్తుంది. అందుకే ఆ ఇంటికి దోమతెరలు తిరిగొచ్చాయి. తెర కింద పడుకుని మాట్లాడుకుంటుంటే చిన్నప్పుడు సెలవులకి ఊరెళ్లినట్టుందని ఆ ఇంటావిడే అంటారు. రొయ్యల మీద ఆవిడకి ఇంకే ప్రత్యేకమైన అభిప్రాయమూ లేదు.

శ్రీకాకుళం నుంచి ఇంటాయన అప్పగారు వచ్చినప్పుడు ఆ తొట్టె ముందు చాలాసేపు నిలబడ్డారట.

"ఏటి తమ్ముడూ ఇవి, రొయ్యలేనా?"

"రొయ్యలేనప్పా."

"ఎప్పటికి ఎదుగుతాయి?"

"ఇంతే. ఇంకెదగవు."

ఆవిడ ఇంకాస్త చూసి, "ఇంతోటి వాటికి ఇన్ని నీళ్లేటి!" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆవిడ ఆశ్చర్యంలో న్యాయం ఉంది. మనకి రొయ్య అంటే వంటింటి సంగతి, లేదంటే చెరువు సంగతి. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర వాసన వీధి చివరి దాకా పోవాలి. భీమవరం, నెల్లూరు వైపు అయితే అది పంట. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్ అని లెక్క కడతారు. ముప్పై కౌంట్‌కి ఒక ధర, వంద కౌంట్‌కి ఒక ధర. ఈ తొట్టెలోవాటికి ఆ లెక్కన కౌంట్ కట్టాలంటే అంకె వేలల్లోకి పోతుంది. కూరకి పనికిరాని రొయ్యని ఊరికే చూస్తూ కూర్చోవడమన్నది మన ఇళ్లలోకి కొత్తగా వచ్చిన ముచ్చటే.

వీటిని చెర్రీ ష్రింప్ అంటారు. పుట్టిల్లు తైవాన్, తూర్పు చైనా ప్రాంతాల వాగులు. అక్కడి రాళ్ల మధ్య ఉండే అసలు రొయ్య ఎర్రగా ఉండదు. బురద రంగులో, సగం పారదర్శకంగా, ఉందో లేదో తెలియనట్టుంటుంది. పక్షికీ చేపకీ కనపడకుండా ఉండటమే దాని బతుకుదెరువు. తైవాన్ పెంపకందారులు కాస్త ఎర్రజీర ఉన్నవాటిని ఏరి, వాటి పిల్లల్లో ఇంకాస్త ఎర్రవాటిని ఏరి, తరం తర్వాత తరం ఈ రంగు తెప్పించారు. శాస్త్రంలో దాని పేరు నియోకారిడినా డేవిడి. జెయింట్ పాండా గురించి 1869లో పాశ్చాత్య ప్రపంచానికి తెలియజెప్పిన ఫ్రెంచి మతగురువు ఆర్మాండ్ డేవిడ్ పేరు మీద, బూవియే అనే శాస్త్రవేత్త 1904లో ఈ రొయ్యకి ఆ పేరు పెట్టాడు. జంషెట్‌జీ టాటా కన్నుమూసింది కూడా 1904లోనే. అప్పటికి ఆయన కలగన్న ఊరికి ఇంకా చోటే కుదరలేదు. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. తారీఖులు చూస్తుంటే తట్టింది, అంతే.

ఈ రొయ్యల పెంపకంలో మొదటి అంకం చూసేవాళ్లకి చాలా విచిత్రంగా ఉంటుంది. తొట్టె ఉంటుంది, నీళ్లుంటాయి, ఇసక, నాచు, దీపం, బుడబుడలాడే స్పాంజి ఫిల్టర్, అన్నీ ఉంటాయి. రొయ్యలు మాత్రం ఉండవు. నెలా నెలన్నర పాటు ఇంటికొచ్చినవాళ్లందరికీ ఖాళీ నీళ్లని చూపించి సంబరపడే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజం.

ఆ ఖాళీలో జరిగేది చాలా ఉంది. జీవి ఉన్న నీళ్లలో మలం, కుళ్లిన ఆకు, మిగిలిన మేత వల్ల అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒక రకం, ఆ నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకో రకం. ఈ రెండూ స్పాంజిలో, ఇసకలో, రాళ్ల మీద వాటంతట అవే చేరి కాపురం పెట్టాలి. కొని తెచ్చి పోసినా తొందరపెట్టగలిగేది కొంతే. ఆ వ్యవధిలోనే రాళ్ల మీద, అద్దం మీద జిగటగా సన్నటి పొర పడుతుంది. చేత్తో ముడితే జారుతుంది. శుభ్రం మీద పట్టింపు ఉన్నవాళ్లకి దాన్ని చూడగానే పీచుతో తోమెయ్యాలనిపిస్తుంది. రొయ్య పిల్లకి పుట్టగానే దొరికే మొదటి అన్నం ఆ పొరే.

మనుషులు రాకముందే చోటు సిద్ధం చెయ్యడం ఈ ఊరికి తెలిసిన పనే. కొడుకు దొరాబ్జీకి 1902లో రాసిన ఉత్తరంలో జంషెట్‌జీ, రాబోయే కార్మికుల ఊళ్లో వీధులు వెడల్పుగా ఉండాలనీ, తొందరగా ఎదిగే నీడ చెట్లు నాటించాలనీ, పచ్చికకీ తోటలకీ ఆటలకీ గుళ్లకీ మసీదులకీ చర్చిలకీ జాగా వదలాలనీ ముచ్చటించారు. కంపెనీ పుట్టింది 1907లో. ఉక్కు వచ్చింది 1912లో. సాక్చి అన్న పల్లెకి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది 1919లో. చెట్లెక్కడుండాలో మాత్రం అన్నిటికంటే ముందే రాసి ఉంది.

ఆ చెట్ల కిందకి మనవాళ్లూ వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వే లైను వెంట శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బయల్దేరి, కొందరు ఖరగ్‌పూర్‌లో దిగిపోయారు, కొందరు టాటానగర్ దాకా వచ్చారు. బిష్టుపూర్‌లో రామమందిరం వెలిసింది. కద్మా, సోనారి, గోల్మూరి, టెల్కో, ఎక్కడ చూసినా కొన్ని గుమ్మాల ముందు ముగ్గు కనిపించే రోజులొచ్చాయి. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, బజారులో బెంగాలీ, ఊరి చుట్టూ సంతాలీ. అన్నీ ఒక్కసారి ఒంటబట్టలేదు. మొదటి తరానికి నీళ్లు పడలేదంటారు, అన్నం పడలేదంటారు. రెండో తరం వచ్చేసరికి అలవాటైపోయింది.

రొయ్యలకీ అంతే. ఆదివారం పొద్దున్న స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వెళ్లి, కలకత్తా బాగ్‌బజార్ దగ్గర గాలిఫ్ స్ట్రీట్ సంత చూసుకుని, సాయంత్రం అదే బండిలో తిరిగి రావచ్చు. చేపలు, మొక్కలు, పక్షులు, కుక్కపిల్లలు, అన్నీ రోడ్డు మీదే. ఆ సందట్లో పాలిథిన్ సంచిలో కాసిని నీళ్లు, ఒక నాచు పోగు, దాన్ని కరుచుకుని పది పన్నెండు రొయ్యలు. నాచు ఎందుకంటే, ప్రయాణంలో పట్టుకోవడానికి వాటికి ఏదో ఒకటి ఉండాలట.

ఇంటికి తెచ్చాక సంచి విప్పి తొట్టెలో ఒంపెయ్యకూడదు. సంచి నీళ్లని ఒక గిన్నెలోకి తీసి, తొట్టెలోంచి సన్నటి గొట్టం పెట్టి, గొట్టానికి ముడి వేసి, చుక్క తర్వాత చుక్క పడేట్టు కొత్త నీళ్లు వదలాలి. గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ నీళ్లలో ఉన్న సున్నం వేరు, ఈ నీళ్లలో ఉన్నది వేరు. ఒక్కసారిగా మారితే రొయ్య అదిరిపోయి అకాలంలో పెంకు విడిచి చచ్చిపోతుంది. ఇంటాయన ఆ గిన్నె పక్కన పీట వేసుకుని కూర్చుంటారు. చెయ్యాల్సిన పనేమీ ఉండదు. అయినా లేవరు.

పెంకు విడవడం గురించి చెప్పుకోవాలి. రొయ్యకి ఎముకలు బయట ఉంటాయి. ఒళ్లు పెరుగుతుంది, పెంకు పెరగదు. అందుకని కొన్ని వారాలకోసారి మెడ వెనక పెంకు చిట్లి, ఒక్క కుదుపుతో మొత్తం జీవి బయటికొచ్చేస్తుంది. మీసాలతో, కాళ్లతో సహా తొడుగు అలాగే నీళ్లలో మిగిలిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లకి రొయ్య చచ్చిపోయిందని గుండె గుభేలుమంటుంది. అసలుది నాచులో దాక్కుని ఉంటుంది. కొత్త ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి గట్టిపడేదాకా ఎవరికీ కనపడదు. ఆ తొడుగుని తీసి పారెయ్యకూడదు. కాసేపటికి అవే వచ్చి దాన్ని కొరుక్కుతింటాయి. అందులోని సున్నం మళ్లీ పెంకుకే పనికొస్తుంది.

ఆడరొయ్యకి ఆ మెత్తదనంలోనే ముహూర్తం. పెంకు విడిచిన ఆడది నీళ్లలోకి ఏదో గంధం వదులుతుంది. అంతే, ఆ సాయంత్రం తొట్టెలో మగరొయ్యలన్నీ పిచ్చెత్తినట్టు ఈదుతాయి. రోజంతా నేల చూపులు చూసే జీవాలు ఒక్కసారి గాల్లో తూనీగల్లా తిరుగుతుంటే ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించాలనిపిస్తుంది. పిలిచినా ఎవరూ రారు, అది వేరే సంగతి. మర్నాడు చూస్తే ఆ ఆడరొయ్య పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు, ఆవగింజలంత, పసుపుపచ్చగా గుత్తి కట్టి ఉంటాయి.

ఇక అక్కడి నుంచి మూడు నాలుగు వారాలు ఆ తల్లి పొట్ట కింది చిన్న తెడ్లతో గుడ్లకి నీళ్లు విసురుతూనే ఉంటుంది. తింటూ విసురుతుంది, నడుస్తూ విసురుతుంది. విసరకపోతే గుడ్లకి ప్రాణవాయువు అందదు, బూజు పడుతుంది. మధ్య మధ్య కాళ్లతో ఒక్కో గుడ్డునీ అటూ ఇటూ సర్దుతుంది. చివరి రోజుల్లో భూతద్దం పెట్టి చూస్తే ప్రతి గుడ్డులోనూ రెండు నల్లటి చుక్కలు. అవి కళ్లు.

పుట్టిన పిల్ల రెండు మిల్లీమీటర్లు. అచ్చు తల్లి పోలిక, మీసాలతో సహా. ఇందులో ఒక విశేషం ఉంది. మన గోదావరి నీలకంఠ రొయ్య నదిలో బతికినా, దాని పిల్లలు ఎదగడానికి ఉప్పు కలిసిన మొగ నీళ్లు కావాలి. తల్లి కిందికి దిగాలి, పిల్లలు ఎదురీదుకుంటూ పైకి రావాలి. తొట్టెల్లో నాచు తినడానికి వాడే అమానో రొయ్య కూడా అంతే. గాజు తొట్టెలో అడవిని పెంచవచ్చని ప్రపంచానికి చూపించిన జపాన్ ఫోటోగ్రాఫర్ తకాషి అమానో పేరు దానిది. దాన్ని ఇంట్లో ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు గానీ, ఉప్పునీళ్ల ఏర్పాటు లేకపోతే పిల్లలు దక్కవు. చెర్రీ రొయ్యకి సముద్రం అక్కర్లేదు. పుట్టిన చోటే పెరిగి, రెండు మూడు నెలలకే ఈడుకొచ్చి, ఆ నాచులోనే పిల్లల్ని కంటుంది. రెండడుగుల అద్దాల మధ్య ఒక వంశం నిలబడటం అందువల్లే సాధ్యమైంది.

మేత విషయంలో మన ఇళ్లలో ఒక చిక్కు. పెట్టకుండా ఉండలేం. వచ్చినవాళ్లకి అన్నం పెట్టి, ఇంకొంచెం వడ్డించి, వద్దంటే నొచ్చుకునే జాతి మనది. రొయ్యలకి పెట్టింది మిగిలితే కుళ్లుతుంది, నీళ్లు పాడవుతాయి. ఉడికించిన పాలకూర ఆకు ఒకటి వేస్తే రెండు రోజులు దాని చుట్టూ సంబరంగా తిరుగుతాయి. సొరకాయ చక్రం వేసినా అంతే. దాన్నయినా మరీ మెత్తబడకముందే తీసెయ్యాలి. వారంలో ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టకపోతేనే వాటికి హాయి. తొట్టె దాటి వెళ్లేటప్పుడు చిటికెడు మేత వెయ్యకుండా ఉండటం పెంపకం మొత్తంలో కష్టమైన పని అని ఇంటాయన అనుభవం. చిన్నపిల్లల్ని పెంచిన అమ్మమ్మలు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు.

బాదం ఆకు సంగతి వేరు. మన వీధుల్లో గొడుగులా పరుచుకునే బాదం చెట్టు, శీతాకాలం చివర ఆకులన్నీ రాగి రంగులోకి తిరిగి రాలిపోతాయే, ఆ ఆకు. ఎండినదాన్ని కడిగి ఒకటి నీళ్లలో వేస్తే మెల్లిగా మునిగి, నీళ్లని లేత టీ రంగులోకి తిప్పుతుంది. అందులోంచి దిగే వగరు పదార్థాలు బూజునీ కొన్ని సూక్ష్మక్రిముల్నీ అదుపులో పెడతాయని రొయ్యలు పెంచేవాళ్ల నమ్మకం. ఆకు మీద కూడా ఆ జిగట పొర పడుతుంది. రొయ్యలు దాన్ని మేసి మేసి, చివరికి ఈనెల జల్లెడ ఒక్కటి మిగులుస్తాయి. సన్నటి లేసు పని చేసినట్టుంటుంది. పట్నాల్లో ఈ ఆకుల్నే కట్ట కట్టి డబ్బుకి అమ్ముతున్నారు. కాయల కోసం మనం రాళ్లు విసిరిన చెట్టుకి, వాకిలి ఊడ్చేవాళ్లు విసుక్కున్న ఆకుకి ఇంత గిరాకీ వస్తుందని ఎవరనుకున్నారు!

ఎండాకాలం మాత్రం పరీక్షే. ఈ రొయ్యలకి ఇష్టమైన వేడి ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీలు. జంషెడ్‌పూర్ మే నెల నలభై దాటిస్తుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అలాంటప్పుడు తొట్టె మూత తీసి, నీళ్ల మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి పోయి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కుండ నీళ్లు చల్లగా ఉండే సూత్రమే. ఆవిరైన మేరకు మళ్లీ నీళ్లు పొయ్యాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా బకెట్లో నిలవ ఉంచాలి. రాగి బిందెలో నిలవ పెట్టిన నీళ్లు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. చిత్రం చూడండి, మన రక్తంలో ఇనుము ఉన్నట్టే రొయ్య రక్తంలో ఉండేది రాగి. ఒంట్లో ఉన్నంత వరకూ అది ప్రాణం, నీళ్లలో కాస్త ఎక్కువైతే అదే విషం. ఇనుము కరిగించి బతికే ఊళ్లో రాగి రక్తం జీవాలు కాపురం ఉండటం కూడా బాగానే ఉంది.

రంగుల విషయంలో మనసుకి రెండు మాటలు తోస్తాయి. ఎరుపుతో పాటు ఇప్పుడు పసుపు, నీలం, నారింజ, చాక్లెట్ రంగుల రొయ్యలు కూడా వచ్చాయి. అన్నీ ఆ బురద రంగు రొయ్య సంతానమే. ముచ్చటపడి అన్నిటినీ ఒకే తొట్టెలో వేస్తే కొన్ని తరాలకి పిల్లలు మళ్లీ ఆ పాత రంగుకే తిరిగిపోతాయి. రంగు నిలవాలంటే వేరు వేరుగా ఉంచాలి, పాలిపోయినవాటిని ఎప్పటికప్పుడు ఏరెయ్యాలి. 1990లలో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే ఆయన నలుపు తెలుపు చారల రొయ్యల గుంపులో ఎర్ర చారల పిల్ల ఒకటి కనిపిస్తే, దాని వెంటపడి తరాల తరబడి ఏరి క్రిస్టల్ రెడ్ అన్న రకాన్ని నిలబెట్టాడు. వేలల్లో ఒకటి వేరుగా ఉందని గమనించిన ఆ కంటికి దండం పెట్టాల్సిందే.

అయినా ఆ ఏరివేత చూస్తుంటే ఎక్కడో కొంచెం కలుక్కుమంటుంది. కద్మా ఇంట్లో ఏరేసినవాటి కోసం కిటికీ పక్కన ఇంకో తొట్టె ఉంది. పాలిపోయినవి, మచ్చలున్నవి, గోధుమ రంగువి, అన్నీ అందులో. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. దీపం లేదు, నీళ్లు మార్చేది కూడా గుర్తొచ్చినప్పుడే. పిల్లలు ఎక్కువగా పుట్టేది అందులోనే. పుట్టిన రంగులో ఉన్నవాటికి ఓపిక ఎక్కువేమో. చూడగా చూడగా మాకయితే ఆ తొట్టే నచ్చింది.

ఈ పెంపకంలో ఇంకొకటి ఉంది. కుక్కకి పేరుంటుంది. చిలకకి పేరుంటుంది. పాలిచ్చే గేదెకి కూడా మన ఇళ్లలో ముద్దు పేరు ఉండేది. రొయ్యకి పేరు పెట్టలేం. నిన్న అద్దం మీద కనిపించినదీ ఇవాళ ఆకు కింద ఉన్నదీ ఒకటేనా అని ఎవరూ చెప్పలేరు. అవి మనల్ని గుర్తుపట్టవు. మేత వేసే చెయ్యి వస్తే పరిగెత్తుకు రావు, కాస్త వెనక్కే తగ్గుతాయి. వాటి ఆయుష్షు ఏడాదిన్నర, బాగా బతికితే రెండేళ్లు. తొట్టె పెట్టినప్పుడు తెచ్చిన రొయ్యల్లో ఒక్కటీ ఇవాళ ఉండదు. అవి ఎప్పుడు పోయాయో కూడా తెలియదు, ఎందుకంటే మిగతావి వాటిని మిగల్చవు. తొట్టె మాత్రం ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది.

మరి మనిషి ఇష్టపడేది దేన్ని? ఏ ఒక్క రొయ్యనీ కాదు. వాటన్నిటి ఉనికిని. పొద్దున్నే దీపం వెయ్యగానే అక్కడ అలికిడి ఉండటాన్ని. ఇంటాయన్ని అడిగితే ఇంత మాట అనరు. "ఉంటే బాగుంటుందండీ" అంటారు.

కంపెనీ ఊళ్లో పెరిగినవాళ్లకి ఈ రకం ఇష్టం ఎక్కడో పరిచయమే అనిపిస్తుంది. క్వార్టర్ మనది కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఉంటాం, రిటైరయ్యాక తాళం ఇచ్చేస్తాం. పెరట్లో జామచెట్టు ఎవరు వేశారో తెలియదు, కాయలు మనం తిన్నాం. మనం పాకించిన సన్నజాజి పూలు ఇంకెవరో కోసుకుంటారు. గేటు మీద పేరు మారుతుంది, వీధి అలాగే ఉంటుంది. సాయంత్రం బంతాట ఆడే పిల్లలు ప్రతి పదేళ్లకీ వేరే పిల్లలు. అరుపులు అవే. సెలవులకి వచ్చిన పాతవాళ్లు ఆ వీధిలో నడుస్తూ ఒక్క మొహాన్నీ గుర్తుపట్టలేక, అయినా తమ ఊరికి వచ్చినట్టే సంతోషపడతారు. ఎవర్ని చూసి సంతోషమో చెప్పమంటే చెప్పలేరు.

ఇప్పుడు ఈ ఇంటాయనకి కూడా రిటైర్మెంట్ దగ్గరపడింది. పిల్లలు హైదరాబాద్ రమ్మంటున్నారు. అపార్ట్‌మెంట్, పైగా అక్కడి బోరు నీళ్లు. ఆ నీళ్ల గట్టిదనానికి ఈ రొయ్యలు ఎలా ఉంటాయో అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నారు. తొట్టె తరలించాలంటే ఫిల్టర్ స్పాంజి పిండకుండా తడిగా తీసుకెళ్లాలి. బ్యాక్టీరియా కాపురం అందులోనే కదా. నాచు పోగులు తీసుకెళ్లాలి. సగం నీళ్లయినా పాతవే ఉండాలి. రైల్లో అన్ని డబ్బాల నీళ్లు మోసుకెళ్లే మనిషిని తోటి ప్రయాణికులు ఏమనుకుంటారో అని ఇంటావిడ దిగులు.

ఈలోగా పంపకాలు జరుగుతున్నాయి. రొయ్యలు ఎప్పుడూ కావలసినదానికంటే ఎక్కువే పుడతాయి. ఆవకాయ సీసాల్లో, హార్లిక్స్ సీసాల్లో ఒక నాచు పోగు వేసి, పాతిక రొయ్యల్ని వదిలి, అడిగినవాళ్లకల్లా ఇస్తున్నారు. సాక్చిలో ఒక ట్యూషన్ మాస్టారింట్లో ఉన్నాయి. టెల్కోలో ఒక నర్సమ్మగారింట్లో ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఒక దర్జీ కొట్లో, కుట్టుమిషన్ పక్కన, బిస్కెట్ల సీసాలో ఉన్నాయి. ఎవరికిచ్చినా జాగ్రత్తలు అవే చెబుతారు. ముందు నీళ్లు, ఆ తర్వాత రొయ్యలు. పెట్టడం తగ్గించు. కడగడం ఇంకా తగ్గించు.

మొన్న మేం అక్కడ ఉండగానే సోనారి నుంచి ఫోను వచ్చింది. ఆరో తరగతి పిల్లాడు. కిందటి వారమే తీసుకెళ్లాడట.

"అంకుల్, పాతిక ఇచ్చారు కదా. పదకొండే కనబడుతున్నాయి."

"మిగతావి ఉంటాయిలే నాన్నా. నాచులో ఉంటాయి."

"చచ్చిపోయాయేమో అంకుల్?"

"పొట్ట కింద గుడ్లున్నది ఏదైనా కనబడిందా?"

"ఒకటుంది. అది కూడా పొద్దుట్నించి కనబడట్లేదు."

"అయితే మంచిదే. ఆ నాచు కొంచెం పక్కకి జరిపి చూడు... వద్దులే, జరపకు. రేపు చూద్దువుగాని."